తెల్ల పువ్వు ఒకచోట సున్నంలా, ఒకచోట బూడిదలా వస్తోంది. ఎక్స్‌పోజర్ ఎలా పెట్టాలి?

పెరటిపూలు:

అందరికీ నమస్కారం. మూడు నెలల క్రితం సెకండ్ హ్యాండ్‌లో ఒక మిర్రర్‌లెస్ కెమెరా కొనుక్కున్నాను. దానితో వచ్చిన 18-55 లెన్స్ తప్ప ఇంకేమీ లేదు. నాకు పూలంటే ప్రాణం, అందులోనూ తెల్ల పూలు. ఎర్ర మందారం మొదటి రోజే బాగా వచ్చింది. తెల్లవి మాత్రం ఎన్ని తీసినా చేతికి చిక్కడం లేదు. రెండు వారాలుగా పొద్దున లేస్తే ఇదే టెన్షన్.

రెండు ఫొటోల సంగతి చెప్తాను, సమస్య అర్థమవుతుంది.

మొదటిది నందివర్ధనం. ఒంటి రేకుల రకం. అయిదు రేకులూ చక్రంలా ఒకే వైపుకి కాస్త మెలి తిరిగి ఉంటాయి కదా, ఆ మెలికే నాకు ఫొటోలో కావాలి. చెట్టు నిండా ముదురాకుపచ్చ ఆకులు, మధ్యలో ఒకే ఒక్క పువ్వు. పగలు పదకొండు గంటలు, మబ్బు లేని ఎండ. అపెర్చర్ ప్రయారిటీలో (లెన్స్ ఎంత తెరుచుకోవాలో మనం చెప్తే షట్టర్ వేగం కెమెరా ఎంచుకునే మోడ్) ఎఫ్ 5.6 (లెన్స్ తెరిచిన కొలత), ఐఎస్ఓ 200 (వెలుగుకి సున్నితత్వం) పెట్టాను. కెమెరా షట్టర్ 1/800 తీసుకుంది. ఆకులు చక్కగా వచ్చాయి, ఈనెలు కూడా కనిపిస్తున్నాయి. పువ్వు మాత్రం తెల్ల కాగితం కత్తిరించి అతికించినట్టు ఉంది. ఒక రేకు ఎక్కడ అయిపోయి ఇంకో రేకు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

తెల్లటి వస్తువు తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచుకున్న వెలుగుని మనం పెంచడం, తగ్గించడం) ప్లస్ 1 పెట్టాలని ఒకచోట చదివాను. పెట్టాను. షట్టర్ 1/400కి వచ్చింది, పువ్వు ఇంకా పాడైంది.

రెండోది తెల్ల లిల్లీ. కుండీని వరండాలో నీడకి తెచ్చి, తెల్లగోడ ముందు పెట్టి, పువ్వు ఫ్రేమ్ నిండా వచ్చేలా దగ్గరగా తీశాను. ప్లస్ పెడితే మొన్న చెడిపోయింది కదా అని ఈసారి సున్నా దగ్గరే ఉంచాను. ఎఫ్ 5.6, ఐఎస్ఓ 200, షట్టర్ 1/640 వచ్చింది. చూస్తే గోడా పువ్వూ రెండూ బూడిద రంగులో ఉన్నాయి, మాసిన బట్టలా.

ప్లస్ పెట్టాలా, మైనస్ పెట్టాలా? ఒకే కెమెరా, ఒకే తెలుపు, రెండు రకాలుగా ఎందుకు వస్తోంది? అన్నీ జేపెగ్‌లోనే తీస్తున్నాను. దయచేసి కొంచెం వివరంగా చెప్పండి, నేను పూర్తిగా కొత్త.

నీడపట్టు:

అండీ, సెట్టింగులన్నీ రాసి మంచి పని చేశారు. జవాబు వాటిలోనే ఉంది.

ముందు ఒక మాట. మీరు చదివిన "తెలుపుకి ప్లస్" అన్న సూత్రం తప్పు కాదు, సగమే. తెలుపు ఫ్రేమ్‌లో ఎంత చోటు ఆక్రమించిందన్నది అందులో లేదు. తెల్ల పూలకి అదే అసలు సంగతి.

కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ పువ్వుని చూడదు. దాని ముందుకొచ్చిన వెలుగంతా కలిపి, ఇది మధ్యస్థమైన బూడిద రంగు అనుకుని, ఆ బూడిద వచ్చేలా షట్టర్ లెక్క కడుతుంది. ఇప్పటి కెమెరాలు ఫ్రేమ్‌ని ముక్కలుగా చూసి కొంత తెలివి చూపిస్తాయి, కానీ మూలం ఇదే. మీ మొదటి ఫొటోలో తొంభై వంతులు ముదురాకులు. మీటర్ వాటిని చూసి "చీకటిగా ఉంది, వెలుగు పెంచాలి" అనుకుంది. ఆకులు బాగుపడ్డాయి, ఆ పెంచిన వెలుగుకి పువ్వు వెలిసిపోయింది. రెండో ఫొటోలో గోడ తెలుపు, పువ్వు తెలుపు. మీటర్ "మరీ వెలుగుగా ఉంది, తగ్గించాలి" అనుకుంది. అదే మీ బూడిద.

కాబట్టి ముదురు ఆకుల మధ్య చిన్న తెల్ల పువ్వుకి మైనస్. ఫ్రేమ్ నిండా తెలుపు ఉంటే ప్లస్.

మీ అంకెలతోనే చూద్దాం. ఫిల్ము రోజుల నుంచి ఒక లెక్క ఉంది: మబ్బు లేని ఎండలో ఎఫ్ 16 పెడితే, షట్టర్ ఐఎస్ఓ అంకెకి తలకిందులు. ఐఎస్ఓ 200 అంటే 1/200. ఎఫ్ 16 నుంచి 5.6కి మూడు స్టాప్‌లు (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు) తెరుచుకుంటుంది కాబట్టి షట్టర్ 1/400, 1/800, 1/1600 అవ్వాలి. మీ కెమెరా 1/800 ఇచ్చింది, అంటే ఎండకి తగినదానికి రెట్టింపు వెలుగు. మీరు ప్లస్ 1 పెట్టాక 1/400, నాలుగు రెట్లు. తెల్ల రేకు మామూలుగానే మధ్య బూడిదకి రెండు స్టాప్‌లు పైన ఉంటుంది. దాని మీద ఇంకో రెండు వేస్తే జేపెగ్‌లో ఆ రేకుకి చోటే మిగలదు. అదే పువ్వుని మైనస్ 1తో తీసి ఉంటే 1/1600 వచ్చేది, మీ మెలిక కనిపించేది. లిల్లీకి ప్లస్ 1.3 పెట్టి ఉంటే షట్టర్ సుమారు 1/250 దగ్గరికి వచ్చి గోడ తెల్లబడేది.

ఈ లెక్క మనసులో పెట్టుకోండి గానీ ప్రతిసారీ కట్టక్కర్లేదు. నేను చేసేది ఇది: కెమెరాలో హైలైట్ వార్నింగ్ ఆన్ చేసి ఉంచుతాను. వెలుగు మించిన చోట ఫొటోలో నల్లగా మిణుకుమిణుకుమంటుంది. మిర్రర్‌లెస్ కాబట్టి మీదాంట్లో జీబ్రా చారలు కూడా ఉండొచ్చు, అవైతే తీయకముందే కనిపిస్తాయి. ముదురాకుల్లో పువ్వుకి మైనస్ 0.7తో మొదలుపెట్టి ఒకటి తీస్తాను. రేకు మిణుకుమంటే మూడో వంతు స్టాప్ తగ్గిస్తాను, మళ్లీ తీస్తాను. మిణుకు ఆగిన దగ్గర ఆగుతాను. అంతకంటే తగ్గించను, ఎందుకంటే అక్కడి నుంచి పువ్వు బూడిదవైపు జారుతుంది. ఎండలో నిలబడి వెనక స్క్రీన్ చూసి మాత్రం బాగుంది, బాగాలేదు అని తేల్చుకోకండి. బయటి వెలుగుకి స్క్రీన్ చీకటిగా కనిపిస్తుంది, మనం తెలియకుండానే ఎక్కువ పెట్టేస్తాం.

హిస్టోగ్రామ్ (ఫొటోలోని చీకటిని ఎడమవైపు, వెలుగుని కుడివైపు చూపించే గ్రాఫ్) చూసేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించేది పెట్టుకోండి. పొద్దుటి పసుపెండలో ఎరుపు ముందుగా కుడిగోడకి తగులుతుంది. కలిపి చూపించే గ్రాఫ్‌లో అంతా క్షేమంగానే ఉన్నట్టు ఉంటుంది, ఇంటికొచ్చి చూస్తే రేకుల అంచులు చదునుగా, గీత లేకుండా ఉంటాయి.

ఇంకో దారి, మీటర్‌ని నమ్మకుండా అరచేతిని నమ్మడం. పువ్వు మీద ఏ ఎండ పడుతోందో ఆ ఎండలోనే అరచేయి పెట్టి, ఫ్రేమ్ నిండా అరచేయి వచ్చేలా మీటర్ చూడండి. అరచేయి మధ్య బూడిదకి సుమారు ఒక స్టాప్ వెలుగు ఎక్కువ. కాబట్టి వచ్చిన అంకెకి ఒక స్టాప్ వెలుగు కలిపి మాన్యువల్‌లో పెట్టేయండి. ఇక వెనక ఆకులున్నా గోడ ఉన్నా ఎక్స్‌పోజర్ మార్చక్కర్లేదు. పువ్వు మీద పడే వెలుగు మారలేదు కదా, సెట్టింగ్ ఎందుకు మారాలి? మబ్బు అడ్డం వస్తేనే మళ్లీ చూసుకోవాలి.

నాకు ఈ పట్టుదల ఎక్కడ వచ్చిందో చెప్తాను. మొదట్లో స్లైడ్ ఫిల్ము వాడేవాణ్ణి. స్లైడ్‌లో వెలుగు కాస్త మించినా ఆ చోట ఉత్త అద్దమే మిగులుతుంది. పెరట్లో గంధరాజం ఆ ఏడాది మొదటిసారి పూసింది. 36 ఫ్రేముల రోల్ మొత్తం ఆ ఒక్క పువ్వు మీదే పెట్టాను, అన్నీ మీటర్ చెప్పినట్టే. కడిగించి తెచ్చి లైట్ టేబుల్ మీద పరిస్తే ముప్ఫై రెండింటిలో పువ్వు స్థానంలో చిల్లు ఉంది. గంధరాజం ఒకటి రెండు రోజుల్లోనే పసుపెక్కిపోతుంది, మళ్లీ తీద్దామంటే పువ్వు లేదు. ఆ మిగిలిన నాలుగూ నేను పొరపాటున షట్టర్ వేగం పెంచి తీసినవి. అప్పటినుంచి తెల్ల పువ్వు ముందు నిలబడితే మొదట రేకు సంగతే చూస్తాను, ఆకుల సంగతి తర్వాత.

ఇక వెలుగు. ఇది ఎక్స్‌పోజర్ కంటే పెద్ద విషయం అని నా నమ్మకం. పదకొండు గంటల ఎండ నడినెత్తిన పడుతుంది. ఎక్స్‌పోజర్ సరిగ్గా పెట్టినా రేకు మీద నీడ అనేదే ఉండదు. ఎర్ర పువ్వుకి రంగు ఉంది, అది లాక్కొస్తుంది. తెల్ల పువ్వుకి ఆకారం తెలిసేది నీడతోనే. మీరు కోరుకునే ఆ మెలిక రావాలంటే వెలుగు పక్కనుంచి రావాలి, మెత్తగా రావాలి. పొద్దున ఎండ ఇంకా ఏటవాలుగా ఉన్నప్పుడు తీయండి, లేదా పలచటి మబ్బు పట్టిన రోజు. రెండూ కుదరకపోతే పువ్వుకి, సూర్యుడికి మధ్య పలచటి తెల్లబట్ట ఎవరినైనా పట్టుకోమనండి. బట్ట ఎంత దగ్గరగా ఉంటే వెలుగు అంత మెత్తన. ఫ్రేములో పడకుండా ఎంత దగ్గరికి తేగలిగితే అంత తెండి. బట్ట కొంత వెలుగు తినేస్తుంది కాబట్టి షట్టర్ మళ్లీ సరిచేసుకోవాలి.

మరీ మెత్తనైపోయినా చదునుగా ఉంటుంది. అప్పుడు పువ్వుకి ఒక పక్కన, ఫ్రేమ్ బయట, నల్ల చార్టు పెట్టండి. అటువైపు నుంచి వచ్చే వెలుగుని అది మింగేస్తుంది, ఆ వైపు రేకుల అంచు మీద సన్నని బూడిద నీడ దిగుతుంది. తెల్ల అట్ట పెట్టి నీడ తీసేయాలని అందరూ చెప్తారు. తెల్ల పువ్వుకి నేను నల్ల అట్టే ఎక్కువసార్లు వాడాను.

రా_ఫైల్:

నీడపట్టు గారు చెప్పినదంతా నిజమే గానీ, కొత్తవారికి ఇంత బెంగ అక్కర్లేదనిపిస్తోంది. రా ఫార్మాట్ (సెన్సర్ పట్టినదంతా దాచే ఫైలు) పెట్టుకుని తీయండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లు ఉంటే, 14 బిట్ రాలో 16,384. కొంచెం ఓవర్ అయినా హైలైట్స్ స్లైడర్ వెనక్కి లాగితే రేకుల గీతలు వచ్చేస్తాయి. నేనైతే కావాలనే మిణుకు మొదలయ్యే దాకా వెలుగు పెంచి తీస్తాను. నీడల్లో నాయిస్ (గరుకు చుక్కలు) తగ్గుతుంది, ఫైలు శుభ్రంగా ఉంటుంది. తర్వాత కంప్యూటర్లో దించుకుంటాను.

నీడపట్టు:

రా తీయమన్న మాటకి నేనూ ఓటేస్తాను. మిణుకుమనేది జేపెగ్ లెక్కన కాబట్టి రాలో ఇంకొంచెం చోటు ఉంటుందన్నదీ నిజం. కానీ ఆ "కొంచెం" ఒక్కో కెమెరాలో ఒక్కోలా ఉంటుంది. సెన్సర్ నిండిపోయాక 16,384 మెట్లున్నా పై మెట్టు దగ్గరే అంతా గుమిగూడి ఉంటుంది, మధ్యలో తేడా ఏమీ ఉండదు. ఒక రంగు మాత్రమే నిండితే సాఫ్ట్‌వేర్ మిగతా రెండింటి నుంచి ఊహించి పూడుస్తుంది, రేకు మీద గీతలు లేని బూడిద మచ్చ వస్తుంది. మూడూ నిండితే ఊహించడానికి కూడా ఏమీ ఉండదు. పెరటిపూలు గారి 1/400 ఫొటో రాలో ఉన్నా పూర్తిగా తిరిగి వచ్చేది కాదని నా అభిప్రాయం.

మీ కెమెరాకి ఎంత చోటు ఉందో ఒక సాయంత్రం కూర్చుని తెలుసుకోవచ్చు. నేత కనిపించే తెల్ల తువ్వాలు కిటికీ వెలుగులో పరచండి. రాలో స్పాట్ మీటరింగ్ (ఒక చిన్న చోటి వెలుగునే కొలిచేది) పెట్టి, ప్లస్ 1 నుంచి ప్లస్ 4 దాకా మూడో వంతు స్టాప్ చొప్పున తీసుకుంటూ పోండి. కాంపెన్సేషన్ ప్లస్ 3 దగ్గర ఆగిపోతే మాన్యువల్‌లో షట్టర్ తగ్గిస్తూ పోవచ్చు. కంప్యూటర్లో ఒక్కోదాన్నీ వెనక్కి లాగి చూడండి. ఏ ఫ్రేములో నేత తిరిగి రాలేదో అక్కడ మీ కెమెరా గోడ ఉంది. అది తెలిశాక రా_ఫైల్ గారి పద్ధతిలో ధైర్యంగా వెళ్లొచ్చు.

పెరటిపూలు:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. ఈ రోజు పొద్దున ఏడున్నరకి అదే చెట్టు దగ్గర కూర్చున్నాను. మైనస్ 0.7లో ఒక రేకు కొస మిణుకుమంది. మైనస్ 1లో ఆగింది. కంప్యూటర్లో చూస్తే రేకు మీద నీడ ఉంది! మెలిక తిరిగే చోట అంచు పలచగా ఇంకో రేకు మీద వాలి ఉండడం మొదటిసారి ఫొటోలో చూశాను.

ఇప్పుడు కొత్త సమస్య. ఎండలో తీసినవి బాగున్నాయి గానీ, చెట్టు నీడలో ఉన్న పూలు తీస్తే నీలంగా వస్తున్నాయి. ఆకులకి బాగా దగ్గరగా ఉన్న రేకులైతే కింది వైపు లేత ఆకుపచ్చగా ఉన్నాయి. కంటికి మాత్రం తెల్లగానే కనిపిస్తున్నాయి. వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుని బట్టి తెలుపుని సరిచేసే సెట్టింగ్) ఆటోలో ఉంది. పువ్వు మీద క్లిక్ చేసి సరిచేస్తే ఫొటో మొత్తం పసుపెక్కుతోంది.

తుమ్మెద:

మీ కెమెరా అబద్ధం చెప్పడం లేదండీ. నీడలో ఉన్న పువ్వుకి సూర్యుడి వెలుగు అందదు, నీలాకాశం వెలుగు అందుతుంది. ఆకుల మీంచి ఎగిరొచ్చిన వెలుగు ఆకుపచ్చగా ఉంటుంది. రెండింటినీ తెల్ల రేకు ఉన్నదున్నట్టు పట్టుకుంటుంది. మన కన్ను సర్దుకుపోతుంది, సెన్సర్ సర్దుకోదు.

నీలం పోవాలంటే వైట్ బ్యాలెన్స్‌లో ఇంటి నీడ గుర్తు ఉన్నది పెట్టండి, అది సుమారు 7000 కెల్విన్ దగ్గర ఉంటుంది. ఎండ గుర్తు 5200 దగ్గర. ఇంకా కచ్చితంగా కావాలంటే ఒక గ్రే కార్డు (వేరే రంగు ఛాయ లేని బూడిద అట్ట) పువ్వు పక్కనే, అదే వెలుగులో పట్టుకుని ఒక ఫొటో తీసి, సాఫ్ట్‌వేర్‌లో ఆ కార్డు మీద క్లిక్ చేయండి. పువ్వు మీద క్లిక్ చేయకూడదు. మనం తెలుపు అనుకునే రేకుల్లో చాలావాటికి కాస్త పసుపో పచ్చో ఉంటుంది. మీరు క్లిక్ చేసిన చోట ఆకాశం నీలం కూడా పడి ఉంటుంది, సాఫ్ట్‌వేర్ దాన్ని కొట్టేయడానికి అంతా పసుపు చేసింది.

ఆకుపచ్చ మాత్రం వైట్ బ్యాలెన్స్‌తో పోదు, ఎందుకంటే అది రేకు కింది వైపు మాత్రమే ఉంది. పువ్వుకి, ఆకులకి మధ్య అరచేయంత తెల్ల కాగితం దూర్చి చూడండి. లేదా కొమ్మని చేత్తో మెల్లగా పక్కకి వంచి పట్టుకోండి. నేనైతే కొంచెం పచ్చ ఉంచేస్తాను, చెట్టు మీదే ఉందని తెలుస్తుంది. పూర్తిగా తుడిచేస్తే ప్లాస్టిక్ పువ్వులా ఉంటుంది.

ఇంకో విషయం చెప్పాలని ఉంది. ఒక రాలిన రేకు తీసుకుని రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కి రుద్దండి. నొక్కిన చోట తెలుపు మాయమై, తడిసిన కాగితంలా అవతలి వేలు కనిపిస్తుంది. తెల్ల రేకులో తెల్ల రంగంటూ ఏమీ ఉండదు. కణాల మధ్య గాలి ఖాళీలు ఉంటాయి. లోపలికి వెళ్లిన వెలుగు వాటికి తగిలి చెదిరి అన్ని వైపులకీ తిరిగి వస్తుంది, నురుగు తెల్లగా కనిపించినట్టే. వేళ్లతో నొక్కితే ఆ గాలి పోయింది, తెలుపూ పోయింది. డైఫిల్లియా గ్రేయీ అనే జపాన్ కొండల పువ్వు వానకి తడిస్తే గాజులా అవుతుంది. అక్కడా ఇదే సంగతి, గాలి ఉన్న చోట్లలోకి నీరు చేరుతుంది.

ఫొటోకి దీంతో పనేమిటంటే, వెలుగు రేకు లోపలికి వెళ్తుంది, అవతలికీ వస్తుంది. పొద్దున ఎండ పువ్వు వెనక ఉండేలా మీరు ఇటు కూర్చుని చూడండి. రేకులు లోపల దీపం పెట్టినట్టు ఉంటాయి, ఈనెలు గీసినట్టు కనిపిస్తాయి, ఒక రేకు మీద ఇంకోటి వాలిన చోట రెండు పొరల మందం కాబట్టి ముదురుగా ఉంటుంది. మీరు వెతికే మెలిక ముందు వెలుగులో కంటే ఇక్కడే బాగా దొరుకుతుంది. వెనక ముదురు నీడ ఉన్న చోటు చూసుకోండి, సూర్యుడు లెన్స్‌లోకి నేరుగా కొట్టకుండా చెయ్యి అడ్డం పెట్టుకోండి. నీడపట్టు గారు చెప్పిన మిణుకు లెక్క ఇక్కడా అంతే. వెనక చీకటి ఎక్కువ కాబట్టి మైనస్ 1.3 దాకా కూడా పోవాల్సి రావచ్చు.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఇమోజెన్ కనింగ్‌హామ్ 1925లో తీసిన మాగ్నోలియా పువ్వు ఫొటో వెతికి చూడండి. నలుపు తెలుపు. ఫ్రేమ్ నిండా ఒకే పువ్వు, రేకులన్నీ తెలుపే. అయినా ఏ రేకు ముందుందో, ఏది వెనక ఉందో, ఎక్కడ గిన్నెలా వంగిందో తెలుస్తుంది. అందులో అసలైన తెల్లదనం ఎంత కొంచెం చోట ఉందో, మిగతాదంతా ఎన్ని రకాల లేత బూడిదో కాసేపు గమనించండి.

ఫోన్‌తోనే:

నాకు కెమెరా లేదండీ, ఫోన్ మాత్రమే. ఇదంతా చదివి మా మల్లెల దగ్గర ప్రయత్నించాను, పనిచేసింది, అందుకే రాస్తున్నాను. స్క్రీన్ మీద పువ్వుని వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి జరపాలి. ఐఫోన్‌లో అయితే వేలు అలాగే నొక్కి పట్టుకుంటే లాక్ అవుతుంది, ఫ్రేమ్ మార్చినా మారదు. నేను ఇన్నాళ్లూ తాకి వదిలేసేదాన్ని, కిందికి జరపడం తెలియదు. మల్లె మొగ్గల కొసలు ఇప్పుడు విడివిడిగా కనిపిస్తున్నాయి.

ఒక సందేహం. గాలికి పువ్వు ఊగుతూ ఉంటే ఏం చేస్తారు?

నీడపట్టు:

గాలి ఆగే దాకా ఆగుతానమ్మా, వేరే మందు లేదు. గాలి అలలు అలలుగా వస్తుంది, రెండు అలల మధ్య పువ్వు ఒక్క క్షణం నిలబడుతుంది. పొద్దున ఎండ ఎక్కకముందు మామూలుగా గాలి తక్కువ. కెమెరా ఉన్నవాళ్లు దగ్గరి ఫొటోలకి షట్టర్ కనీసం 1/500 ఉండేలా చూసుకోండి, అందుకోసం ఐఎస్ఓ 400, 800కి పెంచడానికి వెనకాడకండి. కదిలిపోయిన రేకుని సరిచేయలేం, కాస్త నాయిస్‌ని సరిచేయవచ్చు.

తుమ్మెద గారూ, రేకు నొక్కి చూశాను. ఇన్నేళ్లుగా తీస్తున్నాను, ఈ సంగతి తెలియదు. ధన్యవాదాలు.

పెరటిపూలు:

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. రా పెట్టుకున్నాను. తువ్వాలు పరీక్ష కూడా చేశాను. నా కెమెరాలో ప్లస్ 3.3 దాటితే నేత తిరిగి రావడం లేదు. అందుకని స్పాట్ మీటర్‌ని అన్నిటికంటే వెలుగున్న రేకు మీద పెట్టి ప్లస్ 2 దగ్గర తీస్తున్నాను, ఒక స్టాప్ పైగా చేతిలో ఉంటుంది.

నిన్న మా చెల్లిని తెల్లబట్ట పట్టుకోమన్నాను. తొమ్మిది గంటల ఎండ, ఎడమవైపు నుంచి. కుడివైపు నల్ల చార్టు. ఎఫ్ 8, ఐఎస్ఓ 400, 1/800. మొదట చార్టు లేకుండా ఒకటి, చార్టుతో ఒకటి తీశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, చార్టు ఉన్నదాంట్లో కుడివైపు రెండు రేకుల అంచుకి పెన్సిల్‌తో గీసినంత సన్నని నీడ ఉంది. లేనిదాంట్లో ఆ రేకులు గాల్లో కలిసిపోతున్నాయి. పువ్వు మధ్యలో గొట్టం దగ్గర లేత పసుపు ఉంటుందని నాకు ఇప్పుడే తెలిసింది. రోజూ చూసే పువ్వే.

వెనక ఎండతో తీసినవి ఇంకా కుదరలేదు. లెన్స్‌లో మసక వస్తోంది, చెయ్యి అడ్డం పెట్టినా. రేపు మళ్లీ చూస్తాను. గంధరాజం మొగ్గ కూడా ఒకటి ఉంది, పచ్చటి తొడుగు విప్పుకుని తెలుపు కొస బయటికి వచ్చింది. అది ఎప్పుడు తీస్తే మంచిది?

నీడపట్టు:

విచ్చిన మొదటి పొద్దునే, ఎండ తగలకముందు. రెండో రోజుకి అంచులు పసుపెక్కుతాయి. రేకులు మందం, మైనంలా ఉంటాయి కాబట్టి నేరుగా ఎండ పడితే మెరుపు చుక్కలు వస్తాయి, బట్ట తప్పనిసరి. మసకకి ముందు లెన్స్ ముందు గాజు తుడిచి చూడండి, వెనక వెలుగులో వేలిముద్ర కూడా తెల్లని పొరలా కనిపిస్తుంది. తీసినవాటిలో ఒకటి ఇక్కడ పెట్టండి, చూడాలని ఉంది.